సగం గ్లాసు టీ

2007లో ఒక ఆదివారం ఉదయం ఆరుంబావుకి టీ పెట్టాను. కాలేజీ ల్యాబులో పనిచేసే మా తమ్ముడు, కంటికి కనిపించని వెండి తీగలు పరిచిన ప్లాస్టిక్ పొరను మావారి వేలికి అంటించి మీటరుకు కలిపాడు. వేలు కదిలితే అంకె మారుతుందట. మావారు పోర్టులో క్రేన్ డ్రైవరు.

"ఏటి బామ్మర్దీ, మా ఆఫీసోళ్లు పంపినారేటి?" అన్నారాయన.

"అన్నీ అనుమానాలే నీకు. సెయ్యి కదపకు."

ఆయన కదపలేదు. అంకె ఆగలేదు.

"నీ మీటరు పాడైపోనాది," అని పొర ఊడదీశారు. తమ్ముడు దాన్ని తన వేలికి అంటించుకున్నాడు. అంకె నిలబడింది.

"ఎవలికీ సెప్పకు బామ్మర్దీ. ఉజ్జోగం పోతాది," అన్నారు మావారు.

ఏడాదిగా ఆయన సగం గ్లాసే పొయ్యమంటుంటే, నా టీ నచ్చడం లేదేమోనని అనుమానించాను. వణికే చేతిలో ఒలకకుండా అని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆయనే వెళ్లి క్రేన్ దిగిపోతానని రాసిచ్చారు.

ఆయన పోయాక మా ఇంట్లో ఎవరికీ సగం గ్లాసు టీ పోయడం లేదు.