మార్పుల పేజీలో ఒక వాక్యం

నేను రాసిన వాక్యాన్ని తీసేసినవాళ్ళు నాకొక మాటైనా చెప్పలేదు. మదనపల్లెలో మా ఇంటి మేడమీద బట్టలు ఆరేసి వచ్చి, పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని చూస్తే పేజీలో అది లేదు. దాని బదులు అడుగున, ఎవరూ అంతదాకా దిగి చదవని ‘లోపలి మెరుగుదలలు’ అనే భాగంలో, ‘వరుస పెట్టడం ఇప్పుడు మరింత వేగంగా జరుగుతుంది’ అని ఒక ముక్క ఉంది.

ఆ పేజీ ఏమిటో చెప్పాలి. ఒక ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ, పాతదానికీ కొత్తదానికీ ఏం మారిందో చెప్పే పేజీ ఒకటి దానితోపాటు వస్తుంది. కొత్తగా ఏం చేర్చారు, ఏం తీసేశారు, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం రేపు ఎక్కడ తప్పు చెప్పవచ్చు, అన్నీ అందులో ఉండాలి. ఆ భాషను తయారుచేసేవాళ్ళూ దాని గురించి రాసేవాళ్ళూ లోకమంతా చెదిరి ఉన్నారు. చాలామంది నాలాగే జీతం లేకుండా చేస్తారు. జీతానికి నేను బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటినుంచి పనిచేస్తాను. ఈ పేజీ పని మాత్రం నా ఇష్టం. నేను ఇందులోకి వచ్చింది కూడా ఫిర్యాదు చేసే. వాళ్ళ పాఠాల్లో ఒక ఉదాహరణ తప్పుగా ఉందని రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. అంత తెలిస్తే నువ్వే రాయమన్నారు. రాశాను. అప్పటినుంచి రాస్తూనే ఉన్నాను.

పేజీకి బాధ్యుడైన సంపాదకుణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. ఏ దేశంలో ఉంటాడో కూడా సరిగ్గా తెలియదు. కిందటి విడుదలప్పుడు ఆయన నా పేరా ఒకటి పూర్తిగా తిరగరాసి, ఎందుకో చెప్పకుండా కింద ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ నవ్వు బొమ్మ నాకింకా గుర్తుంది. నాకు ఇట్లాంటివి గుర్తుంటాయి. నేను డిగ్రీ చదివేటప్పుడు ల్యాబులో కంప్యూటర్లు చాలవని కొందరిని కూర్చోబెట్టి, కొందరిని వెనక నిలబడి చూడమనేవారు. మా అమ్మ చౌడేపల్లె దగ్గర కూలికి పోయేది. నేను ఎప్పుడూ నిలబడే గుంపులోనే ఉన్నాను. ఎందుకని అడిగితే వంతుల ప్రకారం అన్నారు. ఆ వంతు నాకు రాలేదు.

ఇక తీసేసిన వాక్యం. కంప్యూటరుకు కొన్ని వివరాలిచ్చి, ఫలానా లెక్కన వరుసలో పెట్టమంటాం. మార్కుల ప్రకారం పేర్లు పెట్టమన్నామనుకోండి. ఇద్దరికి ఒకే మార్కులు వస్తే ఎవరు ముందు? ఇన్నాళ్ళూ ఆ భాష, మనం ఏ వరుసలో ఇచ్చామో సమానమైనవాటిని ఆ వరుసలోనే ఉంచేది. కొత్త వెర్షన్లో వేగం కోసం పద్ధతి మార్చారు. ఇకమీదట సమానమైనవి ఎటుపడితే అటు పోవచ్చు. ‘ఒకే విలువ ఉన్నవి మీరిచ్చిన వరుసలో ఉండకపోవచ్చు, మీ ప్రోగ్రాం దానిమీద ఆధారపడి ఉంటే సరిచూసుకోండి’ అని నేను రాశాను. ‘మీ ప్రోగ్రాంను ఇబ్బంది పెట్టగలవి’ అనే భాగంలో, అందరూ చదివే చోట పెట్టాను.

ఎందుకు తీశారని అడిగాను. ఆ వరుస నిలుస్తుందని మేము ఎక్కడా మాట ఇవ్వలేదు, ఇవ్వని మాట తప్పడం మార్పు కాదు, అని సంపాదకుడు జవాబిచ్చాడు. దీనివల్ల నిజంగా చెడిపోయే ప్రోగ్రాం ఒక్కటి చూపిస్తే ఆలోచిస్తానన్నాడు. శుక్రవారం సాయంత్రం పేజీకి తాళం పడుతుంది. ఆ తర్వాత కామా కూడా మార్చనివ్వరు.

అడిగాడు కాబట్టి చూపించాలి. నాకు కుప్పం గుర్తొచ్చింది.

మా చిన్నాయన గుడుపల్లె దగ్గర పట్టుపురుగులు పెంచుతాడు. ఆ చుట్టుపక్కల రైతులు కొందరు కలిసి కుప్పంలో ఒక షెడ్డు పెట్టుకున్నారు. పట్టుగూళ్ళు అక్కడికి తెస్తే, దారం తీసే రీలర్లు వచ్చి వేలంలో కొంటారు. గూళ్ళకు గ్రేడు కడతారు. మంచి గ్రేడు ముందు పిలుస్తారు, ఒకే గ్రేడులో ముందొచ్చినవాళ్ళను ముందు పిలుస్తారు. వెనకబడితే నష్టమే. పొద్దెక్కేకొద్దీ గూళ్ళు ఆరి బరువు తగ్గుతాయి, కొనేవాళ్ళకు కావలసింది దొరికిపోయి చివరివాటిని తేలిగ్గా చూస్తారు. ఆ పిలుపు వరుసను తెరమీద చూపించే ప్రోగ్రాం ఆ భాషలోనే ఉంది. రాసింది పుంగనూరులో కంప్యూటర్ షాపు నడిపే ఒకాయన. అప్పట్లో నన్నే సందేహాలు అడిగేవాడు. బస్సెక్కి పుంగనూరు పోయాను.

“ఏందక్కా, ఫోన్ చేస్తే సాలదా, బస్సెక్కి వచ్చినావు?” అన్నాడు.

“ఫోన్లో నువ్వు సరే సరే అని పెట్టేస్తావు.”

“అదీ నిజమేలే. కూసో. టీ సెప్తా.”

సంగతి చెప్పాను. ఇంకా విడుదలే కాని దానికి ఇప్పటినుంచే తలనొప్పి యాల అన్నాడు. అయినా పరీక్ష కోసం బయటపెట్టిన కొత్త వెర్షన్ను పాతదాని పక్కన ఎక్కించి, షెడ్డులో ఒక పాత వేలం రోజు వివరాలు తీసి రెండింటిలో నడిపించాడు. పాతదాంట్లో వరుస ఎప్పటిలాగే ఉంది. కొత్తదాంట్లో, ఆ రోజు అందరికంటే ముందు పోయిన మా చిన్నాయన ఎక్కడో కిందికి దిగిపోయాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళెవరో పైకెక్కి కూర్చున్నారు.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. “నా ప్రోగ్రాంలో ఒక అక్షరం గూడా మారలా. మీ భాషే సెడిపాయ.”

“నా భాష కాదది.”

“రోజూ వాళ్ళతో కొట్లాడతాండావే. నీది కాకుండా ఎట్ల?”

నేను జవాబు చెప్పేలోగా ఆయనే తేరుకున్నాడు. “దీనికేముందిలే. గ్రేడు ఒకటే అయితే వచ్చిన టైము సూడమని ఒక లైను రాస్తా. అయిపాయ. నువ్వు మదనపల్లెకు పో, వాళ్ళతో పంచాయితీ మానుకో.”

సంపాదకుడు కూడా నాకు ముందే అచ్చం ఆ మాటే రాశాడు. వరుస అంత ముఖ్యమైతే టైము చూడమని చెప్పుకోవచ్చు కదా అని. పుంగనూరాయన ఆ లైను రాసి మళ్ళీ నడిపించాడు. వరుస మళ్ళీ తారుమారైంది.

“ఇదేంది?” అని వివరాలు తెరిచి చూశాడు. పొద్దున్నే తెచ్చిన గూళ్ళన్నిటికీ ఒకే టైము ఉంది. ఆరు గంటలు. “వీళ్ళేందక్కా, అందరూ చేతులు పట్టుకోని ఒకే సారి లోపలికి దూకినట్టు రాసుకున్నారే!”

షెడ్డుకు ఫోన్ చేస్తే, కంప్యూటరు ముందు కూర్చునే మనిషి, మా పద్ధతి మాకుంది, కావాలంటే వచ్చి చూసుకోమన్నాడు. “నాకు షాపు ఉండాది, నేను రాలేను. నువ్వే పో. ఫిర్యాదులు నీకు బాగా వచ్చు” అని పుంగనూరాయన నన్ను సాగనంపాడు.

మరుసటి వేలం రోజు పొద్దున్నే నేను కుప్పంలో ఉన్నాను. షెడ్డు గేటు ఇంకా తెరవలేదు. బయట ఆటోల్లోంచి దించిన ట్రేలు వరుసగా ఉన్నాయి, నిండా తెల్లటి గూళ్ళు. ఒక్కొక్కరి మొదటి ట్రే మీద వాళ్ళ తువాలు పరిచి ఉంది. మా చిన్నాయన తువాలు ముందువరుసలోనే కనిపించింది.

“ఏం పాపా, నీ కంప్యూటరు ఈడిదాకా తోలిందా నిన్ను?” అన్నాడు.

“అందరికీ ఆరు గంటలని యాల రాస్తాండారు చిన్నాయనా? నువ్వు ఐదుకే వచ్చినావు కదా?”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “టైము రాస్తే సరుకు చీటీలో పడతాది. కొనేటోడు సూస్తాడు. తెల్లారకముందే తెచ్చినావే, ఇంతసేపటికి ఆరిపోయుంటాయి, అని బేరం మొదలుపెడతాడు. అందుకని గేటు తెరవకముందు వచ్చినోళ్ళకంతా గేటు తెరిచిన టైమే.”

“మరి ముందెవరో ఎట్ల తెలిసేది?”

“తువాలు సూడు. ఆ వరసలోనే ఆయప్ప కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఎక్కించిన వరసలోనే తెరమీద వస్తాది. ఎన్నాళ్ళబట్టో అంతే.”

పక్కనే ట్రే సర్దుకుంటున్న ఒక పెద్దామె అందుకుంది. “మాకు మిషన్ మీద నమ్మకమా ఏమన్నానా. వరస తప్పితే తిట్టేదానికి మనిషి ఉండాడు కదా ఈడ.”

“నన్ను యాల లాగుతావమ్మా మధ్యలో?” అన్నాడు గేటు తాళం తీస్తున్న కంప్యూటరాయన.

“నిన్ను కాకుంటే ఆ టీవీని తిట్టాల్నా?”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వరుసను పట్టి ఉంచేది గ్రేడు కాదు, టైము కాదు. ఇచ్చిన వరుసను ఇచ్చినట్టు ఉంచే ఆ పాత అలవాటు ఒక్కటే. దాన్ని ఎవరో వేగం కోసం తీసేశారు, తీసేశామని చెప్పడం అనవసరం అనుకున్నారు. తెరమీద వరుస తారుమారైన రోజున ఈ పెద్దామె తిట్టేది కంప్యూటరాయన్ని. ఆయన తిట్టేది పుంగనూరాయన్ని. ఏమి మారిందో వాళ్ళిద్దరికీ తెలిసే దారి ఆ పేజీ ఒక్కటే.

“రీలర్లకు చెప్పొద్దు పాపా, టైము సంగతి” అన్నాడు చిన్నాయన. చెప్పనన్నాను.

షెడ్డు బెంచీమీద కూర్చునే ఫోనులో సంపాదకుడికి రాశాను. ఇక్కడొక వేలం షెడ్డు ఉంది, పొద్దున్నే వచ్చిన సరుకంతటికీ ఇక్కడి నియమం ప్రకారం ఒకే టైము పడుతుంది, వరుస ఎక్కించిన క్రమంలో మాత్రమే ఉంటుంది, కొత్త వెర్షన్లో అది చెడిపోతుంది, ఇదిగో రెండింటి ఫలితాలు, అన్నాను. ఒకే టైము ఎందుకని ఆయన అడిగాడు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయని జవాబిచ్చాను. ఒక్కొక్కరికీ వరుస నంబరు ఇస్తే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోతుంది, ఎవరైనా వాళ్ళకు ముందుగా చెబితే, పేజీ ఉన్నది అందుకే, అని రాశాను.

మదనపల్లెకు తిరిగి వచ్చి, రాత్రి భోజనం చేస్తూ కూడా ఫోను చూస్తూనే ఉన్నాను. మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నానికి వాక్యం మళ్ళీ పైభాగంలోకి వచ్చింది. కాకపోతే దానికి ముందు ఒక మాట చేరింది. ‘అరుదైన సందర్భాల్లో’ అని. కింద నా ఆమోదం అడిగారు. రాసిన మనిషి ఆమోదించనిదే ఆ భాగం చేర్చకూడదన్నది ఈ విడుదలనుంచి వాళ్ళు పెట్టుకున్న నియమమే.

చిన్నాయనకు ఫోన్ చేశాను. “ఒకే గ్రేడు ఇద్దరికి రావడం ఎప్పుడన్నా జరుగుతుందా, రోజూనా?”

“ఇదేం ప్రశ్న పాపా? రోజూ అంతే. అందరిదీ అదే పురుగు, అదే మల్బరీ ఆకు. ఒకే గ్రేడు కాకుండా యాల పోతాది?”

ఆ మాట ఉన్నంతవరకు ఆమోదించనని రాశాను. అరుదు అని చదివినవాడు తన ప్రోగ్రాం తెరిచి చూడడు, తనది అరుదైనది కాదనుకుంటాడు. ఎంత అరుదో మీరు లెక్కపెట్టారా అని అడిగాను. తాళం వేసే సమయం దగ్గర పడుతోందని, ఒక్క మాట కోసం విడుదల ఆపలేమని సంపాదకుడు రాశాడు. ఆపమనడం లేదు, ఒక్క మాటే కాబట్టి తీసేయమంటున్నాను, అన్నాను. మొండితనం అని ఆ చర్చలోనే ఇంకొకరు రాశారు. ఎవరన్నారో గుర్తుపెట్టుకున్నాను.

అప్పుడు వరుస పద్ధతిని మార్చిన ఇంజినీరే మధ్యలోకి వచ్చింది. ఇంతదాకా ఈ గొడవలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, అదీ నేను మరచిపోలేదు. అది అరుదో కాదో నాకు తెలియదు, మీకూ తెలియదు, ఆ మాట తీసేయండి, అని ఆమె రాసింది. కాసేపటికి పేజీలో ఆ మాట పోయింది.

నేను వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. మరోసారి చదివాను, ఇంకేమైనా చేర్చారేమోనని. ‘ఒకే విలువ ఉన్నవి మీరిచ్చిన వరుసలో ఉండకపోవచ్చు, మీ ప్రోగ్రాం దానిమీద ఆధారపడి ఉంటే సరిచూసుకోండి.’ నేను రాసింది రాసినట్టే ఉంది, నేను పెట్టిన భాగంలోనే ఉంది. ఆమోదం నొక్కాను. కిటికీ బయట ఇంకా వెలుతురు ఉండగానే పేజీకి తాళం పడింది. వాక్యం లోపలే ఉంది.