బంతి పడితే రింగు పైకి

మా ఆయన ఏ వస్తువైనా కొనే ముందు దాని మీద డాక్టరేట్ చేస్తారు. మిక్సీ కొన్నప్పుడు చేశారు, గీజర్ కొన్నప్పుడు చేశారు. రెండూ ఏడాది తిరక్కుండా చెడిపోయాయి, అది వేరే సంగతి. ఇంట్లో పెట్టుకునే బాస్కెట్‌బాల్ స్టాండు కొనాలని తేలినప్పుడైతే ఇక చూడాలి ఆయన హడావుడి. నోయిడాలో ఆఫీసుకు వెళ్లే మెట్రోలో వీడియోలు, వచ్చే మెట్రోలో వీడియోలు, అన్నం దగ్గర వీడియోలు. బోర్డు గాజుదైతే మంచిదా, ప్లాస్టిక్‌దా, స్ప్రింగు ఉన్న రింగా, మామూలు రింగా అంటూ నన్ను చంపుకుతిన్నారు. జన్మలో బంతి పట్టుకుని ఎరగని మనిషి!

నిజానికి అడిగింది మా అమ్మాయి. దానికి పన్నెండేళ్లు. ఏదీ అడిగే పిల్ల కాదు. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే "కుఛ్ భీ", ఏదైనా సరే అంటుంది. అలాంటిది ఒకరోజు స్కూలు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, మన పెరట్లో బాస్కెట్ పెట్టుకుందామా అని అడిగింది. మయూర్ విహార్‌లో మాది కింది వాటా, వెనక కాస్త సిమెంటు చేసిన జాగా ఉంది. స్కూల్లో బంతి దాని చేతికి రావడమే గగనం, పెద్ద పిల్లలు దగ్గరికి రానివ్వరు.

"లోపల పడినప్పుడు నెట్‌లోంచి ఒక ఆవాజ్ వస్తుందమ్మా. అది నాకు చాలా ఇష్టం" అంది.

దానికి కావలసింది అంతే. ఆ చప్పుడు తన చేత్తో తను తెప్పించుకోవాలి.

ఆదివారం ఆటసామాన్ల దుకాణానికి వెళ్లాం. రకరకాల స్టాండ్లు నిలబెట్టి ఉన్నాయి. మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు, అలాంటి ఒకదాని దగ్గర అమ్మాయి ఆగిపోయింది. సేల్స్‌మన్ బంతి చేతికిచ్చాడు. మొదటిసారి తప్పింది. రెండోసారి తిన్నగా లోపల పడింది. పిల్ల కిలకిలా నవ్వింది. ఇంకేం కావాలి? బుద్ధున్నవాళ్లెవరైనా అక్కడే డబ్బు కట్టేసి ఇంటికొచ్చేవాళ్లు.

"భయ్యా, ఇస్‌సే బడా దిఖాయియే" అంటూ ఇంకా పెద్దది చూపించమన్నారు మా ఆయన.

"దానికి ఇది సరిగ్గా సరిపోయింది కదండీ" అన్నాను.

"ఇవాళ సరిపోతుంది. రెండేళ్లు పోతే? మ్యాచ్‌ల్లో ఉండే ఎత్తు దాకా లేచేదే తీసుకోవాలి. కొంటే ఒక్కసారే కొనాలి."

స్కూలు యూనిఫాం రెండు సైజులు పెద్దది కొని, చేతులు లోపలికి మడిచి కుట్టించి, పిల్లని బస్తాలో వేసినట్టు పంపించే జాతి మాది. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? దుకాణంలో అన్నిటికన్నా పెద్దది కొన్నారు.

పేరుకి పోర్టబుల్. ఎటు కావాలంటే అటు తోసుకుపోవచ్చట, నా మొహం! అడుగున ఉన్న డబ్బాలో నీళ్లు నింపాక దాన్ని కదిలించాలంటే ఇంటిల్లిపాదీ పట్టాలి. ఆ పూట కుళాయి నీళ్లన్నీ దాని పొట్టలోకే పోయాయి, గిన్నెలు కడగడానికి చుక్క మిగల్లేదు. పై వాటా ఆంటీ బాల్కనీలోంచి తొంగిచూసి, "అచ్ఛా కియా, బేటీ లంబీ హో జాయేగీ" అని దీవించింది. ఆవిడ లెక్కలో ఆడపిల్ల బంతి ఆడేది రేపు పెళ్లిచూపుల్లో పొడుగ్గా కనబడటానికే. అబ్బ, ఏం మనుషులో!

స్తంభానికి వరసగా బెజ్జాలుంటాయి. పిన్ను లాగి, రింగును పైకో కిందికో జరిపి, మళ్లీ పిన్ను గుచ్చాలి. దయతలచి మా ఆయన మొదట కిందే పెట్టారు. కొన్నాళ్లకు పిల్లకి చెయ్యి కుదిరింది. ఒక సాయంత్రం మమ్మల్నిద్దర్నీ పిలిచి మరీ చూపించింది. వరసగా పడుతున్నాయి. మా ఆయన చప్పట్లు కొట్టారు. కొట్టి, లోపల్నుంచి స్టూలు తెచ్చుకుని ఎక్కి, రింగును ఒక బెజ్జం పైకి జరిపారు.

"ఇప్పుడు వెయ్యి" అన్నారు.

పడలేదు.

"చూశావా? మరి ఇందాక పడినదాంట్లో గొప్పేముంది?"

నానా తంటాలు పడి పిల్ల అదీ సాధించింది. స్టూలొచ్చింది, ఇంకో బెజ్జం. మళ్లీ సాధిస్తే మళ్లీ స్టూలు. బంతి పడిందన్న సంతోషాన్ని ఆ మొహంలో కాసేపు నిలవనిచ్చిన పాపాన పోలేదు ఆ మనిషి.

"కాస్త ఆడుకోనివ్వండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"నీకు తెలీదులే. మా ఆఫీసులో టార్గెట్ అందుకోగానే పెంచేస్తారు. అందుకే నేనింత దూరం వచ్చాను."

ఎంత దూరం వచ్చారో నాకు తెలియదా! టార్గెట్ పెంచిన మేనేజర్‌ని అన్నం ముందు కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టేది ఈయన కాదా! అక్కడ తినొచ్చిందంతా ఇక్కడ పిల్లకి వడ్డిస్తున్నారు. ఆ మాటే అంటే విన్నట్టు తల ఊపుతారు. అది ఇంకా మంట.

ఆ తర్వాత రింగు ఒకచోట ఆగిపోయింది. బంతి పడటం మానేసింది. రింగుకు తగిలి పక్కకి పోయేది, లేదా బోర్డుకు కొట్టుకుని వెనక్కొచ్చేది. మా ఆయన కుర్చీ వేసుక్కూర్చుని మోచెయ్యి ఎలా పెట్టాలో, మోకాళ్లు ఎంత వంచాలో పాఠాలు చెప్పేవారు. చివరికి "దీనికి పట్టుదల లేదు, మీవాళ్ల పోలిక" అని తేల్చేశారు. మావాళ్లలో ఎవరు బంతి ఆడారట, పోలిక రావడానికి? పైకి ఇలా కస్సుమన్నా నాకూ లోపల బెంగ పట్టుకుంది. పిల్ల నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. దాని మీద కూడా విరక్తి పుట్టించేస్తారేమోనని భయం.

నేను సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తాను. ఒకరోజు తలనొప్పిగా ఉండి పెందలాడే ఇంటికొచ్చేశాను. వంటింట్లో టీ పెట్టుకుంటుంటే పెరట్లోంచి నెట్ చప్పుడు వినబడింది. వెంటనే ఇంకోసారి. కిటికీలోంచి చూశాను. రింగు అదే ఎత్తులో ఉంది. పిల్ల వేస్తోంది, పడుతోంది. వెనక్కి జరిగి వేసింది, పడింది. గోడవారనుంచి వేసింది, అదీ పడింది. ఇంత బాగా ఆడుతుందా ఇది! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. టీ పొంగి స్టవ్వంతా పాడైనా పట్టించుకోలేదు.

అంతలో గేటు చప్పుడైంది. పిల్ల చటుక్కున అటు చూసి, చేతిలో ఉన్న బంతిని కావాలని బోర్డు పక్కకి విసిరింది. వచ్చింది పై వాటా ఆంటీ. ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయాక మళ్లీ వేసింది. పడింది.

నేను పెరట్లోకి వెళ్లాను. నన్ను చూడగానే దాని మొహం పాలిపోయింది.

"ఎప్పట్నుంచి పడుతున్నాయే?"

"బహుత్ దినోం సే, చాలా రోజులైంది" అంది నేల చూస్తూ. "నాన్న చూస్తే ఇంకా ఊపర్ పెట్టేస్తారమ్మా. నాకు ఇక్కడ బాగుంది. ప్లీజ్, చెప్పకు."

మా ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఇంకో సంగతి తట్టింది.

"పరీక్షల్లో కూడా ఇలాగే చేస్తున్నావా?"

బంతిని నేలకేసి కొట్టి పట్టుకుంది.

"కభీ కభీ... అప్పుడప్పుడు" అంది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. భుజానున్న బ్యాగైనా దించకుండా తిన్నగా పెరట్లోకి వచ్చి, "ఏమ్మా, ఎన్ని పడ్డాయి ఇవాళ?" అని అడిగారు. పిల్ల నావైపు చూసింది.

"ఎక్కడ పడ్డాయి! పెందలాడే వచ్చి చూస్తూనే ఉన్నాను, ఒక్కటంటే ఒక్కటి పడలేదు" అన్నాను.