కళ్ళజోళ్ళ బాబాయి, తారాజువ్వలు

మా బాబాయికి ఒక్కటే జబ్బు. బాణసంచా కాలుస్తున్నారంటే చాలు, వెలిగించేవాడి చేతిలోంచి కర్ర లాక్కోకుండా ఉండలేడు. ఊరు మొత్తానికి బాణసంచా కాల్చే ఆయన ఒక్కడే, పాపం! ఎవరి పెళ్ళైనా, ఎవరి పుట్టినరోజైనా, మొదటి తారాజువ్వ సర్రున లేచిందంటే దాంతోపాటు బాబాయీ లేచేవాడు.

పగలంతా కళ్ళజోళ్ళ షాపులో "ఈ అక్షరం కనిపిస్తోందాండీ? పోనీ, ఇది?" అని మెత్తగా అడిగే మనిషి, అప్పుడు జనాన్ని మోచేతులతో తోసేసేవాడు.

"ఇలా ఇవ్వవయ్యా! నువ్వెళ్ళి అవతల కూర్చో!"

ఆయన చొక్కాలన్నీ జల్లెడలే. కుడి మీసం ఏనాడూ ఎడమ మీసమంత ఎదగలేదు. "ఈయనకి చొక్కా గుడ్డ దండగ. దోమతెర కుట్టిస్తే సరి," అనేది పిన్ని.

"అదేం సరదా బాబాయ్? రెప్ప వేసేలోగా ఆరిపోతాయి కదా!" అన్నాను ఒకసారి.

"అందుకేరా ఈ తొందరంతా!"

కూతురి పెళ్ళినాడు పిన్ని ముందే హెచ్చరించింది. "వియ్యాలవారి ముందు పరువు తీశారో, ఊరుకోను!" బాబాయి కొత్త కోటు తొడుక్కుని బుద్ధిగా తలూపాడు. సాయంత్రం రెండు కుటుంబాలూ ఫోటోకి నిలబడ్డాయి. ఫోటోగ్రాఫరు "నవ్వండి" అన్నాడు. పెరట్లో సర్రుమంది. చూస్తే పిన్ని పక్కన ఖాళీ!

"అన్నయ్యగారేరండీ?" అంది వియ్యపురాలు.

"ఇలా ఇవ్వవయ్యా!" అని పెరట్లోంచి జవాబొచ్చింది.

పిన్ని చూసిన చూపుకి నేను పరుగెత్తాను. బాబాయి ఒత్తుల మీద వంగి ఉన్నాడు, కోటు చేతిలోంచి పొగ వస్తోంది. బాణసంచా ఆయన మాత్రం కుర్చీలో కాలు మీద కాలేసుకుని, నోరు తెరుచుకుని ఆకాశం చూస్తున్నాడు.

"మీరైనా వద్దనకూడదా?" అన్నాను కోపంగా.

ఆయన తల దించలేదు. "చిన్నప్పటినుంచీ ఇదే పని బాబూ. ఒకటి అంటించగానే ఇంకోదాని మీదికి వంగాలి. తలెత్తేసరికి పొగే మిగిలేది. కళ్ళజోడు కోసం వెళితే మీ బాబాయిగారు దూరం అక్షరాలు చదవమన్నారు. 'దూరానివి నాకెందుకండీ, ఒత్తి కనిపిస్తే చాలు' అన్నాను. అంతే! ఇదిగో, ఈ దూరపు జోడు ఊరికే ఇచ్చారు. ఆనాటినుంచీ నేనెక్కడ కాలిస్తే అక్కడికి ఊడిపడతారు."

నా కోపం ఎటు పోయిందో! నెత్తిమీద తారాజువ్వ ఎర్రగా విచ్చుకుంది, పచ్చగా రాలింది.

"అబ్బబ్బబ్బ! అయ్యో, అయిపోయింది! ఇంకోటి, బాబుగారూ, ఇంకోటి!" అని ఆయన కుర్చీలోంచి ఎగిరాడు.

ఈలోగా పెళ్ళికూతురే వచ్చేసింది. "నాన్నా! అందరూ నీకోసం..."

"కాస్త పక్కకి జరగమ్మా," అన్నాడు బాణసంచా ఆయన మెడ సాచి. "అడ్డమొస్తున్నావు!"

పెళ్ళికూతురు బిత్తరపోయి జరిగింది. ఆపైన తలెత్తింది. వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళందరూ ఒక్కొక్కరే తలలెత్తారు. పిన్నితో సహా!

పెళ్ళి ఫోటో చివరికి అక్కడే తీశారు. రెండు కుటుంబాలూ నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తుంటాయి. నడిమధ్య, కుర్చీలో, బాణసంచా ఆయన. ఓ మూల వంగి ఉన్న వీపు బాబాయిది.