మా ప్లాటులో పట్టాభిషేకం

వేసవిలో పల్లె ఆటలు చూడాలనుకునేవాళ్ళు నన్ను తరచూ దారి అడుగుతుంటారు. నేను మొదటిసారి చిరుతల రామాయణం చూసింది మాత్రం ఆట కోసం వెళ్ళి కాదు, ప్లాటు చూసుకుందామని వెళ్ళి. ఎనభైల నాటి మాట. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నీళ్ళ దగ్గర ఇంటివాళ్ళతో రోజూ ఏదో ఒక పేచీ. పడలేక, కిందామీదా పడి సాగర్ రోడ్డు వైపు ఒక గుట్ట మీది చిన్న ఊళ్ళో జాగా కొన్నాం. రిజిస్ట్రేషనైన రోజు నుంచి నాకు ఒకటే కల, నా పంపు కింద నా బిందె.

ఆదివారం పొద్దున్నే కాఫీలు తాగి సిటీబస్సులో ఎల్బీనగర్ చేరాం. అప్పట్లో చౌరస్తా దాటితే ద్రాక్షతోటలే, వాటి మధ్య అక్కడక్కడా కొత్త కాలనీల బోర్డులు. అక్కణ్ణుంచి పల్లె బస్సు వచ్చినప్పుడు వచ్చినట్టు. రెండు బస్సులకూ ఇద్దరికీ కలిపి ఐదు రూపాయలు కూడా కాలేదు. కండక్టరు మా చేతిలో గొడుగు చూసి, "తుర్కయంజాల్‌ల దిగి నడుసుడే అమ్మా, ఎండ ముదరకముందే గుట్ట ఎక్కుండ్రి" అన్నాడు. మట్టిబాటన గంట నడక. గుట్ట ఎక్కేసరికి మా ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

తీరా చూస్తే మా ప్లాటులో తాటాకుల పందిరి, లోపల రాముడి పటం, చుట్టూ జనం. ఒక మూల హద్దురాయి లేనే లేదు. మా ఆయన మొహం పాలిపోయింది. "కబ్జా చేసేశారే! ఈవేళ పందిరి, రేపు గుడి. దేవుణ్ణి ఖాళీ చేయించేదెవరు?" అన్నాడు. మాకున్నదల్లా ఆ నేలే మరి.

అంతలో ఎర్ర పట్టుచీర కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఒక సీతమ్మ బీడీ ఆర్పేసి మా దగ్గరికొచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. మీసం కొత్తగా తీసిన చోట పైపెదవి తెల్లగా మెరుస్తోంది. పేరు జంగయ్య, ప్లాట్లు వేసినవాళ్ళకు ఆ నేల అమ్మిన రైతు ఆయనేనట.

"ప్లాటు మీదేనా సారూ? పరేషాన్ గాకుండ్రి. గిది మా కల్లం ఉండె. వడ్లు కొట్టినంక ఎండకాలం గీడనే ఆడుతం. గుట్ట మీద యాడ జూసినా రాళ్ళే, ఎగిరితె కాళ్ళు పగుల్తయి."

"మరి మా హద్దురాయి ఏదయ్యా?" మా ఆయన గొంతు పెంచాడు.

జంగయ్య మమ్మల్ని పందిట్లోకి తీసుకెళ్ళాడు. రాముడి పటం పక్కన గోనెపట్టా పరిచి, దాని మీద మా రాయిని పడుకోబెట్టారు. దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు.

"ఆడేటోళ్ళ కాళ్ళకు తగుల్తదని తీసినం సారూ. గుంతల కట్టె పాతినం, జాగ తప్పదు. ఇయ్యాల ఆఖరు. పట్టాభిషేకం గాకుండ ఆపితె ఊరికి మంచిది గాదంటరు. జర ఇయ్యాల్టి మందం ఆడుకోనియ్యుండ్రి."

ఆయన వెనక రాముడు, లక్ష్మణుడు, తోక చేత్తో పట్టుకున్న హనుమంతుడు, అందరూ మా ఆయన నోటివైపే చూస్తున్నారు. మా ఆయన నావైపు చూశాడు. "హనుమంతుడికి కాదని చెప్పే ధైర్యం మీకుంటే చెప్పండి, నేను మాత్రం కూర్చుంటున్నా" అని చెప్పులు విప్పి చాప మీద చతికిలపడ్డాను.

చిరుతలంటే చేతుల్లో పట్టుకుని తాళం వేసే చిన్న కర్రలు. హార్మోనియం ఎత్తుకోగానే వాళ్ళంతా గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, కర్రలు తడుతూ ఆడారు. పొలం పనులు చేసుకునే మనుషులే, ఎండాకాలమంతా నేర్చుకుని ఆడతారు. జంగయ్య సీతగా పాటెత్తుకుంటే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. ఆయన భార్య మాకు జొన్నగట్క, మామిడికాయ తొక్కు పెట్టి, "ఆ చీర నా పెండ్లిది. నాకన్న ఆయనకే మంచిగ కుదురుతది" అని నవ్వింది. మధ్యాహ్నానికి మా ఆయన తొడ మీద తాళం వేస్తున్నాడు.

సాయంత్రం పట్టాభిషేకమైంది. జంగయ్య చీరైనా విప్పకుండా రాయిని భుజాన పెట్టుకుపోయి, కట్టె పీకి, అదే గుంతలో నిలబెట్టాడు. గజ్జెల కాళ్ళతోనే చుట్టూ మట్టి తొక్కాడు. "దారం పట్టి జూసుకోండ్రి సారూ, సక్కగున్నదా?" మా ఆయన అటు చూడకుండానే, సరిగ్గా ఉందన్నాడు.

నాకు ఇల్లు కావాలి, ఆయనకు కల్లం కావాలి. రెండింటికీ ఉన్నది ఒక్క నేలే. ఆ మాట తట్టగానే, "వచ్చే ఏడు ఎక్కడ ఆడతారు బాబాయ్?" అని అడిగాను.

"సూడాలె బిడ్డా. ముందుగాల నువ్వు ఇల్లు కట్టు" అన్నాడు.

చూడాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. కోతలైపోయాక, తొలకరికి ముందు, ఆఖరి రోజునే వెళ్ళండి. చాపా మంచినీళ్ళూ మీరే పట్టుకెళ్ళండి. ఏ ఊళ్ళో ఆడుతున్నారో రోడ్డు పక్క టీ బడ్డీల్లో అడిగితే చెబుతారు. మా గుట్ట మీద మాత్రం వెతక్కండి, ఇప్పుడంతా ఇళ్ళే.

అందులో మొదటిది మాది. మేం పునాది తీసిన ఏడు ఆ ఊళ్ళో ఆట ఆగిపోయింది. కోరుకున్న ఇల్లు కడుతూ కూడా సంతోషం సగమే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. గృహప్రవేశానికి జంగయ్యను పిలవాలంటే మొహం చెల్లలేదు, అయినా వెళ్ళి పిలిచాను. ఆ రోజు ఆయన తన ఆటగాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. అందరూ గజ్జెలు కట్టుకుని, చిరుతలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఇదేమిటి జంగయ్యా?" అన్నాడు మా ఆయన.

"ఆడే జాగ ఇంట్ల పడ్డది గద సారూ, అందుకే ఇంట్లకే ఒచ్చినం."

మా ఆయన హాల్లో ఉన్న సామానంతా తనే వరండాలోకి మోయడం మొదలుపెట్టాడు.