ఒటాసీలియో పొడిచి చూడని ఎంపాదా

మూసి ఉన్న దేన్నీ ఒటాసీలియో నమ్మడు. విప్పి లోపల చూడాల్సిందే. తన పెళ్ళిలో బహుమతులన్నీ చర్చి మెట్ల మీదే విప్పి, ఇస్త్రీపెట్టె వేడెక్కుతోందో లేదో పక్క కొట్లో చూసుకుని వచ్చాకే ఉంగరం తొడిగాడని ఆయనతో పనిచేసే గ్లౌసియా చెబుతుంది. ఆమె సగం కల్పిస్తుంది గానీ, మిగతా సగమైనా తక్కువేమీ కాదు.

చిన్న పిండి తొడుగు లోపల కోడిమాంసం, నడుమ ఒక ఆలివ్ కాయ పెట్టి మూసి కాల్చే ఎంపాదా అంటే రియోలో అందరికీ ప్రాణం. ఆ కాయలో గింజ తీశారో లేదో కొరికితే గానీ తెలియదు. ఒటాసీలియోకి ఒకసారి అలాగే తెలిసింది, ఆ వెంటనే పళ్ళ డాక్టరుకీ తెలిసింది. అప్పటినుంచి కాంటీనులో తనదే కాదు, బల్ల మీద అందరి ఎంపాదాలూ ఫోర్కుతో పొడుస్తాడు.

"నా తిండి జోలికి రాకండి ఒటాసీలియో గారూ!" అని వాళ్ళతో పనిచేసే జందీరా పళ్ళెం పక్కకు లాక్కునేది.

"ఒక్క పోటు అమ్మాయ్. ఆఁ, ఇక తిను."

పొడిపొడి అయిపోయిన దాన్ని ఆమె చెంచాతో ఎత్తుకుని తినేది.

జబూచి అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపేది వీళ్ళు ముగ్గురే. ముగ్గురూ సరే అంటేనే అందులోకి కొత్తది ఏదైనా వస్తుంది. బయటివాళ్ళు రాసిపెట్టిన కోడ్ ముక్కలు, అంటే ప్యాకేజీలు, కావాలంటే ఇన్నాళ్ళూ ఎవరికి వారే వెతికి తెచ్చుకోవాలి. అడిగిన ప్యాకేజీని ఒక్క మాటతో తెచ్చిపెట్టే ఇన్‌స్టాలర్‌ను జందీరా నిద్ర మానుకుని రాసింది. దాన్ని భాషతో కలిపే ఇవ్వాలని ఆమె ఆశ. ఈ విడుదలలో పోతే మళ్ళీ ఎన్నేళ్ళకో.

"కొత్తవాళ్ళు ఏది ఎక్కడుందో తెలియక వెళ్ళిపోతున్నారండీ!"

"వెళ్ళనీ. నీ ఇన్‌స్టాలర్ ఏం తెస్తుంది?"

"అడిగిన ప్యాకేజీ."

"దాంతో?"

"దానికి కావలసినవి."

"వాటితో?"

జందీరా నసిగింది. "వాటికి కావలసినవి."

"చూశావా! అల్లుణ్ణి భోజనానికి పిలిస్తే వాడి బావమరుదులు, బావమరుదుల స్నేహితులు, దారిలో తగిలినవాళ్ళు, అందరూ వంటింట్లో దూరతారు. వాళ్ళ జేబులు ఎవరు వెతికారు?"

"లోకమంతా ఇలాగే చేస్తోందయ్యా," అంది గ్లౌసియా.

"లోకంలో ఎంతమందికి పళ్ళు మిగిలాయో ముందు అది చెప్పు."

ఆ తరవాత ఆయన గది తలుపు మూసుకోవడం మొదలెట్టాడు. భోజనానికీ రావడం లేదు. ఎవరెవరికో ఉత్తరాలు కొడుతున్నాడు. అనుమానం అంటుకునే జబ్బు కాబోలు, జందీరాకూ పట్టుకుంది.

"నా ఇన్‌స్టాలర్‌ని ముంచడానికి తప్పులు ఏరుతున్నారు," అంది గ్లౌసియాతో, ఏడుపు గొంతుతో.

ఆఖరి సమావేశానికి, ఆయన్ని మంచి చేసుకుందామని ఆమె ఇంట్లో ఎంపాదాలు కాల్చి తెచ్చింది. ఒటాసీలియో ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి కూలబడ్డాడు.

"నేను సరే అంటున్నాను."

"ఏదో మెలిక ఉంది," అంది జందీరా.

"ఉంది. నేను విప్పి చూసినవే అందులో దొరకాలి."

ఆమె మొహం వాడిపోయింది. "ఎన్ని చూశారు?"

"అన్నీ."

ఆయన కళ్ళు నులుముకున్నాడు.

"తప్పులున్నవి రాసినవాళ్ళ చేతే బాగు చేయించాను. ఒక క్యాలెండర్ ప్యాకేజీని మాత్రం గెంటేశాను. తేదీ చూపిస్తూ పాస్‌వర్డులు ఎక్కడికో పంపుతోంది, దొంగది. అలాంటిది బయటపడితే రాసినవాణ్ణి ఎవడూ తిట్టడు, తెచ్చిపెట్టింది ఎవరని అడుగుతారు. పేరు నీది కదా. నీ మీద నాకెప్పుడూ అనుమానం లేదమ్మాయ్."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చదవడం పూర్తి కాకుండా ఎలా చెప్పను?"

జందీరాకు సిగ్గేసింది, అంతకు మించి ఆయన మీద ప్రేమ పొంగింది. పళ్ళెం ముందుకు జరిపి, ఫోర్కు కూడా తనే అందించింది. ఆయన ఫోర్కు పక్కన పెట్టేశాడు.

"నువ్వు చేసినవేగా," అంటూ ఒక ఎంపాదా మొత్తం నోట్లో వేసుకున్నాడు.

కటుక్కుమంది.

"ఆలివ్ సీసా మీద గింజ తీసినవనే రాసి ఉందండీ!" జందీరా లబలబలాడింది.

ఒటాసీలియో బుగ్గ పట్టుకుని, గింజను అరచేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూశాడు. ఏళ్ళ తరబడి తను చెబుతున్నదానికి సాక్ష్యం దొరికినంత ఆనందం ఆ మొహంలో.

"సీసా మీద రాసింది ఎవరు? సీసా అమ్మేవాడు," అన్నాడు.

జందీరా ఫోర్కు తీసుకుని ఆయన చేతిలో పెట్టి, తన పళ్ళెం తనే ఆయన ముందుకు తోసింది.