గడ్డిదూడ ప్రసంగం ఎవరిది?

మా చిన్నప్పుడు... మా నాయన ఎనుముకు ప్రసంగం చెప్పేవాడు. నవ్వకండి, నిజం! గేదెను మా పలమనేరు వైపు ఎనుము అంటాం. పొద్దున్నే పాలు పిండుతూ "ప్రియులారా..." అని మొదలుపెట్టేవాడు. అది నెమరేస్తూ వినేది. నేను కుడితి తొట్టి పక్కన కూర్చుని తప్పులు పట్టేదాన్ని.

నాకప్పుడు పదకొండేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు, కిరసనాయిలు దొరకడమే గగనం. నాయన మా ఊరి ఉపదేశి... అంటే పాదిరి అయ్యగారు రాని వారాల్లో ప్రార్థన మందిరంలో వాక్యం చెప్పేవాడు. ఆ పని ఇంకా ఖాయం కాలేదు. అయ్యగారు నెలకొకసారి చిత్తూరు నుంచి వచ్చి నాయన ప్రసంగం విని పోయేవారు.

ఒకసారి మొహం మీదే అనేశారు. "ఏమప్పా, నువ్వు చెప్తా ఉంటే జనం ఆవలిస్తాండారు. వచనాలు వల్లిస్తే సాలదు. కండ్ల ముందర కనపడాల. కథ చెప్పు!"

నాయనకు వచనాలు ఎన్నంటే అన్ని వచ్చు, కథ ఒక్కటీ రాదు. అందుకని నన్ను పట్టుకున్నాడు. "నువ్వు సూసిందేదన్నా చెప్పు పాపా, దానికి నేను వాక్యం తగిలిస్తా."

అలా ఇద్దరం కలిసి నేర్చుకున్నాం... చీమల బారు, చిల్లుపడిన కడవ, సంతలో తప్పిపోయిన పిల్ల. ఎక్కడ ఆపితే వినేవాళ్లు ముందుకు వంగుతారో, ఏ మాట గొంతు తగ్గించి చెప్పాలో... నాయనకంటే ముందు నాకే పట్టుబడింది. గొప్పలు కాదు, ఎనుమే సాక్షి!

ఆ ఏడు అయ్యగారు ఒక మాట ఇచ్చారు. క్రిస్మస్ నాడు పిల్లలు సొంతంగా కట్టిన వర్తమానం, అంటే చిన్న ప్రసంగం, చెప్పాలి. బాగా చెప్పిన ఆడపిల్లకు చిత్తూరు బోర్డింగు బడిలో చోటు ఇప్పిస్తారు. మా ఊరి బడి అయిదో తరగతితో సరి. చదువుకోవాలంటే నాకు అదొక్కటే దారి.

అప్పుడే మా ఎనుము దూడ చచ్చిపోయింది. దూడ ముందర లేకపోతే అది పాలు చేపదు. అందుకని ఆ దూడ తోలులోనే వరిగడ్డి కూరి, కుట్టించి, ఎదురుగా నిలబెట్టారు. అప్పట్లో అందరూ చేసేదే. ఎనుము ఆ గడ్డిదూడను నాకుతూ పాలిచ్చేది... నేను చూడలేక వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ ఏడుపులోంచే ప్రసంగం కట్టాను. మనం ఎనుమును గడ్డిదూడతో ఏమార్చాం... దేవుడు మనల్ని అలా ఏమార్చలేదు, ప్రాణమున్న కొడుకునే పంపాడు... అని. కొట్టంలో నాయనకు చెప్పి వినిపించాను. పాలచెంబు కింద పెట్టేసి కండ్లు తుడుచుకున్నాడు. "యాడ నేర్చినావు పాపా ఇట్లా చెప్పేది!" ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు ఆదివారం అయ్యగారు వచ్చారు. నాయన పని ఖాయమవుతుందో లేదో తేలే రోజు. నాయన లేచి మూడు వచనాలు చదివాడు. వెనక ఎవరో ఆవలించారు. నాయన ఆగాడు... నావైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ప్రియులారా, మొన్న మా కొట్టంలో నేను ఒకటి చూసినాను..."

నేను కాచుకుని ఉన్నాను... ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు, 'మా పాప చెప్పింది' అని. అనలేదు. నేను ఆపిన చోటల్లా ఆపాడు, నేను గొంతు తగ్గించిన చోటల్లా తగ్గించాడు. జనం కొంగులతో కండ్లొత్తుకున్నారు. అయ్యగారు లేచి నాయన భుజం తట్టారు.

ఇంటికి రాగానే అమ్మ అడిగేసింది. "పాప కట్టింది అని ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయేది?"

"దేవుని మాటకు సొంతగాడు ఎవురు మే?" అని, నాయన నావైపు తిరిగాడు. "నువ్వూ అదే చెప్పు పాపా. ఎవురేమంటారు?"

నమ్మాను. నాయన కదా...

క్రిస్మస్ నాడు లేచి చెప్పాను. మొదటి మాటకే ముసిముసి నవ్వులు. చివరికొచ్చేసరికి నాకంటే ముందే ముసలమ్మలు అందుకుంటున్నారు. అయ్యగారు మెత్తగానే అన్నారు, "బాగా ఒప్పజెప్పినావమ్మా. కానీ ఇది మీ నాయన ప్రసంగం గదా. నేను సొంతంగా కట్టమన్నాను."

నాయన ముందు చాప మీదే ఉన్నాడు. "నాయనా, చెప్పు నాయనా..." అన్నాను, అందరి ముందే. ఏదో వచనం వెతుకుతున్నట్టు బైబిలు పుటలు తిప్పుతూ ఉండిపోయాడు. తలెత్తలేదు.

ఆ చోటు చీపురుకట్ట మీద నాలుగు మాటలు చెప్పిన ఇంకో అమ్మాయికి పోయింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. నాయన పని ఖాయమైంది. ఆ జీతంతోనే ఇంటిల్లిపాదీ తిన్నాం, నేనూ తిన్నాను. అయినా ఆ కోపం మాత్రం... తొంభై దాటినా తగ్గలేదు. మళ్లీ ఆయనతో కొట్టంలోకి పోయి కూర్చోలేదు.

నాకు పెళ్లయి ఇద్దరు బిడ్డలు పుట్టాక ఒకసారి మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నా చేయి పట్టుకుని "తప్పు చేసినాను పాపా" అన్నాడు.

"ఇది నా దగ్గర కాదు నాయనా... మందిరంలో లేచి చెప్పు" అన్నాను.

సరేనని తలూపాడు. ఆ క్రిస్మస్‌కు నేనూ పోయి కూర్చున్నాను. "మా కొట్టంలో నేను ఒకటి చూసినాను..." అనే మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆడపిల్లలు మైకు పట్టుకుని దర్జాగా వాక్యం చెబుతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. నేను చెబుతుంటే ఇది ఫోనులో కొడుతున్నది నా మనవరాలు... ఎవరు రాసిందో తెలియకుండానే ఏ మాటైనా వంద చోట్లకు పోతోందట ఇప్పుడు. అప్పుడైతే నా మాట ఎవరు తీసుకున్నారో నాకు తెలుసు, అదే బాధ.

మీ మాటను మీవాళ్లే తమదని చెప్పుకున్న రోజు మీకూ ఉందా? కింద రాయండి... మీ పేరు పెట్టి మరీ రాయండి.