మందు పెట్టెలో వచ్చిన ఉత్తరం

మా ఆశీర్వాదం మావయ్యకి ఒకటే జబ్బు. మందు పెట్టెలో మడతలు పెట్టి కుక్కిన కాగితం ఉంటుంది చూడండి, దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి వినిపించందే ఆ మందు ఎవర్నీ మింగనివ్వడు. జ్వరం నూట మూడు ఉన్నా సరే, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా సరే. ముందు కాగితం, తర్వాతే మాత్ర.

ఆ కాగితాల్ని మనలాంటి వాళ్ళం విప్పనే విప్పం, విప్పితే మళ్ళీ మడవలేం. మావయ్య దాన్ని మోకాళ్ళ మీద పరుస్తాడు, జేబులోంచి పిడి విరిగిన భూతద్దం తీస్తాడు, గొంతు సవరించుకుంటాడు. ఒక ఇంగ్లీషు వాక్యం చదివి, దానికి తెలుగు చెప్పి, ఎదుటివాడికి అర్థమైందని నమ్మకం కుదిరాకే రెండో వాక్యానికి వెళతాడు. అంతా అయ్యాక ఏ మడత ఎక్కడుందో అక్కడే మడిచి, పెట్టెలో పెట్టి, మూత నొక్కుతాడు. కంపెనీ వాళ్ళు కూడా అంత శుభ్రంగా మడవలేరని మా అమ్మ ఫ్లోరెన్స్ అంటుంది. సొంత అన్నయ్య కదా, ఆ మాత్రం అభిమానం ఉంటుంది.

ఈ అలవాటు ఉద్యోగంతో వచ్చింది. మావయ్య ముప్పై ఎనిమిదేళ్ళు పెనుగంచిప్రోలు చుట్టుపక్కల పోస్ట్‌మ్యాన్‌గా చేశాడు. ఆ రోజుల్లో చదువు రాని ఇళ్ళలో ఉత్తరం ఇచ్చేసి వెళ్ళిపోతే కుదరదు, కూర్చుని చదివి వినిపించాలి.

"మూసిన కవర్లో కాగితం ఉందంటే, అది ఎవరికో ఏదో చెప్పాలని వచ్చిందిరా. చదవకుండా పారేస్తే రాసినోడి ఉసురు తగుల్తది" అంటాడు. ఆ వెంటనే గుండె మీద చెయ్యేసుకుని, "నా సర్వీసులో ఒక్క ఉత్తరంలో ఒక్క లైను వదల్లేదు" అంటాడు. ఈ మాట నేను కనీసం రెండొందల సార్లు విని ఉంటాను.

మా నాన్న డేవిడ్‌రాజు కరెంటు ఆఫీసులో లైన్‌మ్యాన్. ఆయనకి తీగలంటే భయం లేదు, మావయ్యంటే భయం. ఒకసారి తలనొప్పి మాత్ర అరచేతిలో పెట్టుకుని ముప్పావు గంట కూర్చున్నాడు.

"బావ గారూ, తల పగిలిపోతందండి."

"ఉండు డేవిడ్‌రాజూ. దీనివల్ల అరుదుగా తల తిరగొచ్చంట. నీకేమన్నా తిరుగుతందా?"

"మీరు చదవకముందు తిరగలేదండి. ఇప్పుడు తిరుగుతంది."

"చూశావా, మాత్ర వేసుకోకముందే తిరిగింది. అంటే మాత్ర తప్పేం లేదు. వేసుకో."

అప్పటినుంచి నాన్న మాత్రలన్నీ బండి డిక్కీలో దాచుకుని, స్తంభం ఎక్కేముందు వేసుకునేవాడు.

ఇక నా సంగతి. నా పేరు క్రాంతికుమార్. ఇదంతా నేను జగ్గయ్యపేటలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పటిది. అప్పటికి రెండేళ్ళుగా నా మొహం నాది కాదు, మొటిమలది. నుదురు, బుగ్గలు, గడ్డం, మెడ, ఎక్కడా అంగుళం ఖాళీ లేదు. ఒక్కొక్కటి పండి, పగిలి, మానేది. మానినచోట గుంట పడేది. కరోనా పోయి లోకమంతా మాస్కులు తీసేసినా నేను తియ్యలేదు. చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. ముందు దాన్ని గోడవైపు తిప్పుకుని వాయించాను, తర్వాత వాయించడం మానేశాను, తర్వాత చర్చికే వెళ్ళడం మానేశాను. మా గదిలో అద్దం తీసి బీరువా వెనక పెట్టాను. నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో పొద్దున లేచి మొహం కడుక్కోవాలంటే చేతులు ముందుకొచ్చేవి కావు. ఈ మొహంతో బతుకంతా గడపాలా అనిపించేది.

సలహాలకి మాత్రం లోటు లేదు. టమాటా రుద్దమన్నవాళ్ళున్నారు, టూత్‌పేస్టు పూయమన్నవాళ్ళున్నారు. ఎదురింటి బసవమ్మ గారైతే, "వేడి చేసిందయ్యా, మజ్జిగ తాగు" అని ఆర్నెల్లు చెప్పి, మజ్జిగ పనిచెయ్యకపోయేసరికి ఒక ట్యూబు తెచ్చిచ్చింది. "మా కోడలు రాసుకుంటది. మొహం అద్దంలాగా ఉంటదనుకో."

నిజంగానే పదిహేను రోజుల్లో మొహం నున్నబడింది. ఒక ఆదివారం మాస్కు లేకుండా మెయిన్ రోడ్డు దాకా వెళ్ళొచ్చాను కూడా. రెండో నెల తిరిగేసరికి పాత మొటిమలు కొత్త వాటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి. రాసుకోకపోతే మంట, రాసుకుంటే ఎరుపు. సరిగ్గా అప్పుడే మావయ్య కంటికి ఆ ట్యూబు చిక్కింది.

"దీని కాగితం ఏదిరా?"

"లేదు మావయ్యా. పెట్టె కూడా లేదు, ఉత్త ట్యూబే."

"కాగితం లేని మందా!" అన్నాడు, తల లేని మనిషిని చూసినట్టు. ట్యూబుని వెలుతురులోకి తీసుకెళ్ళి, భూతద్దం పెట్టి, చుట్టూ తిప్పుతూ చదివాడు. నేను సగం పిండి చుట్టిన మడతని కూడా విప్పి చదివాడు. "ఒరేయ్, ఇందులో స్టెరాయిడ్ ఉందంట. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దీని ఒంటి మీదే రాసుంది. రెండు నెలల్నించి మొహానికి పూస్తన్నావ్, ఒక్కసారి చదవలేకపోయావా?"

ఆ శనివారం నన్నూ అమ్మనీ బస్సెక్కించి నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడ వారానికోసారి చర్మ వైద్యురాలు డాక్టర్ సల్మా గారు వస్తారు. ఆవిడ మాస్కు తియ్యమన్నారు. డాక్టరు ముందు తియ్యడానికి కూడా నాకు రెండు నిమిషాలు పట్టింది.

"ముందు ఆ ట్యూబు ఆపెయ్యాలి. ఆపాక కొన్నాళ్ళు ఎక్కువైనట్టే ఉంటుంది, కంగారు పడకండి" అన్నారావిడ. "మనకి మూడు దారులున్నాయమ్మా. ఒకటి, పైపూత జెల్. మెల్లగా పనిచేస్తుంది, మూడు నెలలు ఓపిక పట్టాలి. రెండోది, జెల్‌తోపాటు యాంటీబయాటిక్ మాత్రలు, అవీ కొన్ని నెలలే వాడాలి. మూడోది బలమైన క్యాప్సూల్. ఆర్నెల్లు వాడాలి, మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయించాలి. బాబుకి గుంటలు పడుతున్నాయి. ఆలస్యమయ్యేకొద్దీ అవి నిలిచిపోతాయి. అలాగని మూడోది తేలికైన మందు కాదు. ఇంట్లో మాట్లాడుకుని వచ్చే శనివారం చెప్పండి."

"కాగితాలు ఇప్పించండమ్మా" అన్నాడు మావయ్య.

"చీటీ వచ్చే వారం రాస్తానండి."

"చీటీ కాదమ్మా. మందు పెట్టెల్లో ఉండే కాగితాలు. మూడిటివీ."

డాక్టరు గారి దగ్గర లేవు. నందిగామ సెంటర్లో అబ్బాస్ మెడికల్ షాపు ముందు మావయ్య నిలబడ్డాడు. "మందు కొనకుండా కాగితం ఎట్టా ఇస్తామండి?" అన్నాడు అబ్బాస్. "చదివిచ్చేస్తానయ్యా" అన్నాడు మావయ్య. "ఇక్కడే చదవండైతే" అన్నాడు అబ్బాస్, పాపం ఏమీ తెలియక. మావయ్య మొదటి కాగితం పైకి చదవడం మొదలుపెట్టాడు. దగ్గు మందు కోసం వచ్చినవాళ్ళు ఆగి విన్నారు. ఒకాయన విని, అసలు మందే కొనకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు అబ్బాస్ మూడు కాగితాలూ మావయ్య జేబులో కుక్కి, రెండు చేతులూ జోడించి పంపించాడు.

సోమవారం సాయంత్రం మా ఇంట్లో సభ జరిగింది. మంచం మీద మూడు కాగితాలు, చుట్టూ మేము నలుగురం.

"ఒకటోది జెల్లు" అని మొదలుపెట్టాడు మావయ్య. "చర్మం ఎండుద్ది, పొట్టు లేస్తది. దిండు గలీబు, తువ్వాలు రంగు పోతాయంట."

"నా కొత్త దుప్పట్లు!" అంది అమ్మ.

"రెండోది మాత్ర. గ్లాసుడు నీళ్ళతో మింగాలి, మింగంగానే పడుకోకూడదు, ఎండలో తిరగకూడదు."

"జగ్గయ్యపేటలో ఎండ తగలకుండా ఎక్కడ తిరుగుతాడండి?" అన్నాడు నాన్న.

మూడోది విప్పితే తువ్వాలంత ఉంది. కాలేయం, కొవ్వు, కళ్ళు, కీళ్ళు అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. అమ్మ మొహం పాలిపోయింది. నాకైతే ఏడుపొచ్చింది. ఏ మందుతో బాగుపడాలన్నా ముందు ఇంకో రకంగా పాడవ్వాలన్నమాట. అసలు నేను బాగుపడేదున్నట్టు ఏ కాగితంలోనూ కనబడలేదు.

రెండో పేజీ మధ్యలో మావయ్య ఆగాడు. భూతద్దం దగ్గరికి జరిపాడు, దూరం జరిపాడు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "ఆ తర్వాత, పెదాలు ఎండుతాయంట" అని గబగబా ముగించేశాడు. అన్నిటికంటే పెద్ద కాగితం అన్నిటికంటే ముందే అయిపోయింది. మాకు అప్పుడు అనుమానం రాలేదు, బతికాం రా దేవుడా అనుకున్నాం.

"మరి ఏదంటావు అన్నయ్యా?" అంది అమ్మ.

"మూడోది."

"అంత చదివి, మూడోదా?"

"చదివా కాబట్టే. మిగతా రెండూ బాగోలేదని కాదు. వాడి మొహాన ఇప్పటికే గుంటలు పడ్డాయి, వాడు నలుగురిలోకి రావడం మానేసి ఏడాదైంది. ఇంకా ఎన్నాళ్ళని ఓపిక పట్టమంటాం?"

నా మొటిమల గురించి ఎవరైనా నన్నొక మనిషిగా లెక్కలోకి తీసుకుని మాట్లాడటం అదే మొదటిసారి. అయినా నాకు ఆశ కలగలేదు. సరేనన్నాను, అంతే.

శనివారం డాక్టరు గారు అన్నీ వివరంగా చెప్పి, చివర్లో నావైపు తిరిగారు. "మూడ్ ఎలా ఉంటుంది క్రాంతీ? ఈ మందుతో కొంతమందికి దిగులు ఎక్కువ కావచ్చు. అలా అనిపిస్తే వెంటనే చెబుతావా?"

"బానే ఉంటుందండి" అన్నాను మాస్కులోంచి. నా మూడ్ ఎప్పుడు బాగుంది గనక, కొత్తగా పాడవడానికి!

ఆవిడ నన్ను రక్తపరీక్షకి పంపించారు. నేను తిరిగొచ్చేసరికి మావయ్య ఇంకా లోపలే ఉన్నాడు.

మందు మొదలైంది. మొదటి నెల మొహం ఇంకా ఘోరమైంది. పెదాలు పగిలి రక్తం వచ్చేది. ఒకరోజు క్యాప్సూళ్ళ పెట్టె విసిరికొట్టాను. మావయ్య వంగి దాన్ని తీసి, "మొదట్లో ఎక్కువవుద్దని కాగితంలో ఉందిరా. ఒకటో పేజీ, కింది నుంచి నాలుగో లైను. నీకు చదివి వినిపించా" అన్నాడు. కోపంలో కూడా గుర్తొచ్చింది, నిజంగానే చదివాడు. ఆ రాత్రి మందు మానలేదు. ఆ వారమే నన్ను మళ్ళీ నందిగామ తీసుకెళితే, మామూలు పరీక్షకే అనుకున్నాను.

మావయ్య పెనుగంచిప్రోలు నుంచి రోజూ ఆటోలో రావడం మొదలుపెట్టాడు. రోజుకో సాకు. బ్యాంకులో పనుందంటాడు, చెప్పు తెగిందంటాడు, ఇక్కడ కాకరకాయలు లేతగా ఉంటాయంటాడు. వచ్చి, నన్ను ఏదో ఒకటి అడిగి, టీవీ పక్కన ఉండే నా మందు పెట్టె తీసుకుని వసారాలో కూర్చుని ఆ కాగితం మీదకి వంగేవాడు. ఆర్నెల్లపాటు రోజూ అదే కాగితం. "బావ గారికి ఇంకా అర్థం కానట్టుంది" అనేవాడు నాన్న. "పరీక్ష రాస్తాడేమో" అని అమ్మ ఇంకొకటి కలిపేది. నాకైతే ఒళ్ళు మండేది. ఒకరోజు, "నీకు వేరే పని లేదా మావయ్యా? నా మొహం నా ఇష్టం, పో!" అని అరిచాను. ఆయన ఎందుకో సంతోషంగా వెళ్ళాడు.

అక్టోబరుకి కొత్త మొటిమలు రావడం ఆగిపోయింది. నవంబరులో బీరువా వెనక నుంచి అద్దం తీశాను. గుంటలు కొన్ని ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ వాటి మధ్య నా మొహం కనబడింది. క్రిస్మస్ నాడు కీబోర్డు జనం వైపు తిప్పి వాయించాను.

మర్నాడు పొద్దున క్యాప్సూల్ కోసం పెట్టె తీస్తే మూత పడలేదు. లోపల కాగితం అడ్డదిడ్డంగా మడిచి ఉంది. మావయ్య మడతేనా ఇది? ఆశ్చర్యంగా విప్పాను. అది మొదటి నెల కాగితం, ప్రతి కొత్త పెట్టెలోకీ దాన్నే మారుస్తూ వచ్చాడన్నమాట. మడిచి మడిచి, మడత నిలవనంతగా నలిగి పీలికలయ్యేలా ఉంది. అంచుల చుట్టూ, వరసల మధ్య, చీమ తలకాయలంత అక్షరాలు.

"జులై 12. పలకరిస్తే పలికాడు."

"జులై 19. పలకలేదు. రేపు జామకాయలు తేవాలి."

"జులై 20. రెండు జామకాయలు తిన్నాడు. ఫర్వాలేదు."

"ఆగస్టు 8. పెట్టె విసిరాడు. కళ్ళల్లో నీళ్ళు. డాక్టరమ్మకి ఫోన్ చేశా. రమ్మన్నారు, తీసుకెళ్ళా."

"సెప్టెంబరు 2. నన్ను పో అని అరిచాడు. గొంతు బాగా లేచింది. దేవుడికి స్తోత్రం."

రెండో పేజీ మధ్యలో ఒక్క లైను కింద ఎర్ర సిరాతో గీత ఉంది. ఈ మందు వాడేటప్పుడు దిగులు, ఆశ పోవడం, ఇంకా... ఆ తర్వాతి మాట నేను కూడా ఇక్కడ రాయను. ఆ రోజుల్లో నేను ఆ మాటకి ఎంత దగ్గరలో ఉన్నానో నాకు తెలుసు. ఆయనకీ తెలుసని అప్పుడే తెలిసింది.

మావయ్య పదింటికి వచ్చాడు, ఈసారి గొడుగు బాగుచేయించుకోవడానికట. డిసెంబరులో. మళ్ళీ మడవడం చేతకాక ఉండలా పట్టుకున్న కాగితం ఆయన ముందు పరిచాను.

"ఒక్క లైను వదల్లేదన్నావుగా, మావయ్యా?"

కాసేపు గొంతు సవరించుకున్నాడు. "వదల్లేదురా. డాక్టరమ్మ గారు ఆ మాట నీతో చెప్పనే చెప్పారు, నువ్వు బానే ఉందన్నావు. అప్పుడర్థమైంది, ఆ లైను నీ పేరున రాలా. పక్కన ఉండేవోడి పేరున వచ్చింది. నా ఉత్తరం నేను చదువుకున్నా. జవాబు రాసుకుంటన్నా."

మాస్కు లేని మొహాన్ని రెండు చేతులతో తుడుచుకున్నాను. ఆయన మాత్రం చటుక్కున కాగితం లాక్కుని, "ఇంకా ఎనిమిది క్యాప్సూళ్ళున్నయ్. అంచున జాగా ఉంది" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాశాడు. నేను భూతద్దం లాక్కుని చూశాను.

"డిసెంబరు 26. కనిపెట్టేశాడు. ఏడుస్తా నవ్వుతున్నాడు. మడత సరిగ్గా పెట్టడం నేర్పాలి."